గడియ వెయ్యని గేటు

నెవిల్ ప్రాట్లీ మరో అబద్ధమాడి మరో రోజు సంపాదించుకున్నాడు. కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి, కేరవాన్, ఎడమ చక్రం వేడెక్కుతోందనీ, మెకానిక్కుకి చూపించకుండా సిడ్నీ రద్దీలోకి దిగితే ప్రమాదమనీ భార్య గ్లెనిస్‌ని నమ్మించి, కయామాలో సముద్రపు గట్టు మీద బండి ఆపాడు. కిందటివారం వాళ్ళని అక్కడే విడిచాం.

చక్రానికి ఏ రోగమూ లేదు. రోగం సిడ్నీలో ఉన్న గ్లెనిస్ అక్క మార్జరీకి. ఆరు రోజుల కిందట ఈడెన్ రేవులో, గ్లెనిస్ గట్టు చివర నిలబడి తిమింగలాల కోసం చూస్తున్నప్పుడు, మార్జరీ కూతురు తానియా నెవిల్‌కి ఫోన్ చేసింది. "అమ్మ ఇంక ఎన్నో రోజులు ఉండదు బాబాయ్. పిన్నిని తీసుకుని వెంటనే వచ్చెయ్యండి" అంది. రేపే బయల్దేరతామన్నాడు నెవిల్. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. భార్యకి చెప్పలేదు. ఆ తరవాత తానియా ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఒకరోజు తిమింగలాలన్నాడు, ఒకరోజు గాలి ఎక్కువగా ఉందన్నాడు, రెండు రోజులు నరూమాలో చేపలు పట్టాడు, ఇప్పుడు చక్రం. ఒక్క పగటిలో చేరుకోగల దారిని వారం రోజులు సాగదీశాడు.

పదకొండేళ్ళుగా ఆ అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. అక్కకి జబ్బు చేసిందని తెలిశాక, ఇన్నాళ్ళకి గ్లెనిస్ మనసు కుదుటపరచుకుని, అక్కని క్షమించడానికి బయల్దేరింది. అక్క ఏ తప్పూ చెయ్యలేదని నెవిల్‌కి తెలుసు.

సోమవారం పొద్దున పది కావస్తుండగా అతను కేరవాన్‌లోంచి మరుగుదొడ్డి పెట్టె బయటికి లాగి, చక్రాల మీద దొర్లించుకుంటూ, కేరవాన్లు ఆపుకునే పార్కు వెనకవైపు పారబోసే చోటికి వెళ్ళాడు. అది అతని పని అని ప్రయాణం మొదలైన రోజే తేలిపోయింది. అక్కడ అతని కంటే ముందు క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన లావుపాటి పెద్దమనిషి ఒకాయన పెట్టె కడుగుతున్నాడు.

"పెళ్ళయి ఎన్నేళ్ళు?" అన్నాడాయన.

"నలభై మూడు."

"నాకు యాభై. మా ఆవిడ ఇంకా ఈ డ్యూటీ నుంచి రిటైర్మెంట్ ఇవ్వలేదు. నీకూ ఆశ లేదు పో!"

నెవిల్ నవ్వాడు. ఆ వారమంతా అలా కొత్తవాళ్ళతో నవ్వుతూనే గడిపాడు. కొత్తవాళ్ళ దగ్గర ఊపిరి ఆడేది. గ్లెనిస్ ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాస్తూ, అక్క దగ్గరికి వెళ్ళాక ఏమనాలో చెప్పుకుంటూ ఉంటే ఆ వెన్న రాసిన ముక్క పళ్ళెంలోనే వదిలేసి లేచేవాడు. పెట్టె కడిగి, చేతి తొడుగులు విప్పి, కావాలనే సముద్రం వైపు దారిలో చుట్టు తిరిగి వెనక్కి వచ్చాడు.

వచ్చేసరికి గ్లెనిస్ ఒక్కతే కేరవాన్ పక్క పందిరి చుట్టేస్తోంది. ఇద్దరు చెరో వైపు పట్టుకుని చుట్టాల్సిన గుడ్డ అది. ఒక కొస వంకరగా ముడుచుకుపోయింది. ఆమె పట్టించుకోలేదు. మడత కుర్చీలు అప్పటికే కారు వెనక పడి ఉన్నాయి.

"ఎందుకు తీసేస్తున్నావు? మధ్యాహ్నం మెకానిక్కు వస్తాడుగా."

"నీ ఫోన్ మోగింది. మెకానిక్కేమో అనుకుని ఎత్తాను."

నెవిల్ పెట్టె నేలమీద దింపాడు. అడగక్కర్లేదు, ఎవరు చేశారో తెలుస్తూనే ఉంది.

"'అమ్మయ్య, ఈసారైనా ఎత్తావా బాబాయ్' అంది తానియా. ఈసారైనా! నేను పిన్నినమ్మా అన్నాను. 'ఎక్కడున్నారు, ఎందుకింత ఆలస్యం' అంది. చక్రం పాడైంది తల్లీ అని చెప్పాను. నీ అబద్ధం నా నోటితో చెప్పాను. అప్పుడు ఆ పిల్ల అడిగింది. 'ఆరు రోజులూ చక్రమేనా పిన్నీ?' అని."

"గ్లెన్..."

"నిన్నంతా మార్జ్ మాట్లాడలేదట. ఇవాళ పొద్దున్నే లేచి, కూర్చోబెట్టండి అందట. మూడింటికి నర్సు వస్తుంది. నొప్పికి మందు చిన్న పంపుతో ఒంట్లోకి ఎక్కుతూనే ఉండేలా పెడతారట. పెట్టాక ఇంక నిద్రే. మళ్ళీ లేవదన్నట్టే చెప్పింది. టైమెంత?"

"పది దాటింది."

"అయితే ఆ కాళ్ళు ఎత్తు."

అతను వంగి, కేరవాన్ నాలుగు మూలల ఆనింపు కాళ్ళూ ఒక్కొక్కటే తిప్పి పైకెత్తడం మొదలుపెట్టాడు. వంగి ఉంటే ఆమె మొహం చూడక్కర్లేదు. ఆమె వచ్చి అతని పక్కనే నిలబడింది.

"ఈడెన్‌లోనే తెలుసు నీకు. నేను వెర్రిదానిలా ఆ గట్టు మీద నిలబడి, అదిగో తిమింగలం, దాని వెనక పిల్ల అని అరుస్తున్నాను. నువ్వొచ్చి నా భుజం మీద చెయ్యి వేశావు. అప్పటికే తెలుసు నీకు!"

"నువ్వు సంతోషంగా ఉన్నావు గ్లెన్. ఎన్నేళ్ళయింది నిన్నలా చూసి. ఒక్కరోజు ఆగి చెబుదామనుకున్నాను."

"నా సంతోషం మీదికి తొయ్యకు. ఒక్కరోజైతే ఏమో, నిన్ను తిట్టి ఊరుకునేదాన్ని. ఆరు రోజులు మనిషి ఊరికే ఆగడు. ఎందుకు ఆగావు?"

నెవిల్ ఆఖరి కాలు ఎత్తి లేచాడు. నడుము పట్టేసింది. ఎదురుగా సముద్రం, గట్టు మీద పచ్చిక, పిల్లల కేకలు. చెప్పెయ్యాలనే నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం వేరే మాట. "దారిలో చెబుతాను."

గ్లెనిస్ చెయ్యి చాపింది. "తాళాలు."

"నువ్వు ఎప్పుడూ కేరవాన్ లాగలేదు. అందులో సిడ్నీ..."

"నీ చేతిలో ఉంటే ఇంకో చక్రం వేడెక్కుతుంది. ఇవ్వు."

అన్ని ఊళ్ళల్లోనూ కారు వెనక్కి తీసేది నెవిల్, వెనక నిలబడి చేతులు ఊపి దారి చూపించేది గ్లెనిస్. ఇవాళ అతను నిలబడి చేతులు ఊపాడు. ఆమె ఆ చేతుల్ని అద్దంలో చూసిందో లేదో గాని రెండోసారికే కొక్కెం సరిగ్గా గుంటలో కూర్చుంది. అతను గొలుసులు తగిలించి, దీపాల తీగ పెట్టి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీటు అతని మోకాళ్ళకి చాలలేదు. సీటు వెనక్కి జరుపుకుందామనుకుని మానేశాడు.

హైవే ఎక్కారు. గ్లెనిస్ రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది. పక్కనుంచి లారీ వెళ్ళినప్పుడల్లా వెనక కేరవాన్ ఊగుతోంది. ఊగినప్పుడల్లా నెవిల్ కాలు తన వైపు లేని బ్రేకుని తొక్కుతోంది.

"ఎడమ అద్దంలో ఒకసారి..."

"చూస్తున్నాను."

"మలుపు కొంచెం వెడల్పుగా..."

"నెవ్. నువ్వు చెప్పాల్సింది అది కాదు."

వూలంగాంగ్ దగ్గర కొండ ఎక్కే దారి మొదలైంది. లారీలన్నీ ఎడమ వరసలో పాకుతున్నాయి. ఆమె వాటి వెనక చేరింది. ఇక ఆ పైకి చేరేదాకా ఆపడానికీ లేదు, దిగడానికీ లేదు.

"మీ అమ్మ పోయిన రోజు నేను ఇంట్లో లేను" అన్నాడు నెవిల్.

ఆ రోజు గురించి వాళ్ళ ఊరు కొరోవాలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. వాళ్ళింట్లోనే ఉండే గ్లెనిస్ తల్లి ఐవీకి మతిమరుపు. తన ఇల్లేదో తెలియదు, కూతురెవరో తెలియదు, వీధి కనిపిస్తే చాలు నడుచుకుంటూ పోతుంది. అందుకని పక్క గేటుకి ఆవిడ చేతికి అందనంత ఎత్తున గడియ పెట్టించారు. చెల్లెలికి కాస్త విశ్రాంతి ఇద్దామని మార్జరీ సిడ్నీ నుంచి వచ్చి వారం ఉండి, శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కారులో తిరిగి వెళ్ళిపోయింది. గ్లెనిస్ పళ్ళ డాక్టరు దగ్గర డ్యూటీలో ఉంది. నెవిల్ వెనక షెడ్డులో గడ్డికోత మిషను బాగుచేసుకుంటున్నాడు, ఆ చప్పుడులో ఏమీ వినపడలేదు. మార్జరీ వెళ్ళేటప్పుడు గేటుకి గడియ వెయ్యలేదు. ఐవీ నడుచుకుంటూ వెళ్ళి మర్రే నదిలో పడింది. మర్నాడు పొద్దున రెండు మైళ్ళ దిగువన కనిపించింది. ఇదీ కథ. ఇది చెప్పినవాడు నెవిల్.

"ఎక్కడున్నావు?" అంది గ్లెనిస్. చూపు ముందు లారీ మీదే ఉంది.

"క్లబ్బులో. శుక్రవారం అక్కడ మాంసం పళ్ళెం గెలుచుకునే లాటరీ ఉంటుందిగా. మూడింటికి మీ అమ్మ కునుకు తీస్తోంది. పావుగంటలో వచ్చేద్దామనుకున్నాను. గేటు తీసి పికప్పు బయటికి తెచ్చాను. గేటు మూశాను. గడియ వెయ్యలేదు. మళ్ళీ ఇప్పుడే వచ్చేవాణ్ణే కదా అనుకున్నాను."

"ఎంతసేపున్నావు?"

"గంటన్నర."

వెనక ఎవరో హారన్ కొట్టారు. గ్లెనిస్ బండి గీత దాటింది. సర్దుకుంది.

"నువ్వు బండి తీసేటప్పుడు గడియ వేసుందా?"

నెవిల్ ఈ ప్రశ్నకే పదకొండేళ్ళుగా భయపడుతున్నాడు.

"వేసుంది. మార్జ్ వేసే వెళ్ళింది. నేనే చేత్తో తీశాను."

కొండ పైకి వచ్చేశారు. రెండు పక్కలా యూకలిప్టస్ అడవి. గ్లెనిస్ ఏడవలేదు. ఏడిస్తే దారి కనపడదని ఆపుకుంటోందని అతనికి తెలిసింది. పెదవులు లోపలికి పెట్టి కొరుకుతోంది.

"చర్చిలో మార్జ్ ముందు వరసలో కూర్చోబోయింది. నేను లేపేశాను. అమ్మ శవపెట్టె కళ్ళెదురుగా ఉంది. 'నువ్వు వెనక ఎక్కడైనా కూర్చో, ఇది ఇంటివాళ్ళ వరస' అన్నాను. మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. నా పక్కన నువ్వు కూర్చున్నావు. నా చెయ్యి పట్టుకుని."

"అవును."

"ప్రతి పుట్టినరోజుకీ కార్డు పంపింది. విప్పకుండా చెత్తబుట్టలో వేశాను. నువ్వు చూశావు. ఒక్కసారి, ఒక్క సంవత్సరం, విప్పవే అనలేదు."

"చెబుదామనే అనుకున్నాను గ్లెన్. మొదటిరోజు నోరు రాలేదు, ఊరంతా లైట్లు పట్టుకుని వెతుకుతున్నారు. పోలీసు అడిగాడు, గేటు ఆఖర్న ఎవరు తీశారని. మధ్యాహ్నం మార్జ్ వెళ్ళింది, తరవాత నేను దాని జోలికి పోలేదు అన్నాను. ఆ ఒక్కమాటే. మర్నాడు చెబుదామంటే నువ్వప్పటికే ఆవిడకి ఫోన్ చేసి అడిగేశావు. 'వేశాననే అనుకుంటున్నాను' అందావిడ. నువ్వు ఆ 'అనుకుంటున్నాను' అన్న మాట పట్టుకున్నావు. మూడోరోజు... మూడోరోజుకి అదే నిజమైపోయింది. క్లబ్బులో నన్ను చూసినవాళ్ళు ఆరేడుగురుంటారు. ఒక్కడూ అడగలేదు. ఎవడైనా అడిగితే చెప్పేసేవాణ్ణేమో."

"ఇప్పుడు వాళ్ళది తప్పా?"

"కాదు."

గ్లెనిస్ అద్దంలో వెనక బళ్ళు చూసుకుంది.

"లాటరీ తగిలిందా?" అంది గ్లెనిస్.

"ఏమిటి?"

"ఆవేళ. నీకు తగిలిందా అని."

నెవిల్ కళ్ళు మూసుకున్నాడు. "తగిలింది."

"ఏం చేశావు దాన్ని? ఇంట్లోకి రాలేదు. మా అమ్మ పోయిన వారంలో ఫ్రిజ్‌లో ఏముందో నాకు గుర్తుంది."

"పికప్పులోనే ఉండిపోయింది, సీటు కింద. మూడు రోజులయ్యాక వాసన వచ్చింది. తీసుకెళ్ళి పారేశాను."

ఆమె నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, కోపం కాదు. అసహ్యం. అంతవరకు నెవిల్ తన తప్పు ఒక మాట అనుకున్నాడు, పోలీసుకి చెప్పిన ఒక్కమాట. ఆ చప్పుడు విన్నాక ఆ తప్పుకి ఎండలో నిలిచిన బండీ, సీటు కింద మూడు రోజులు మురిగిన మాంసమూ ఉన్నాయనీ, వాటి పక్కనే తను కూర్చుని అంత్యక్రియల ఏర్పాట్లకి చర్చికి బండి తోలుకెళ్ళాడనీ గుర్తొచ్చింది.

"వారం రోజులు" అంది గ్లెనిస్. "వారం రోజులు పొద్దున్నే టీ తాగుతూ నీకు వినిపించాను, అక్కతో ఏమనాలో. 'నిన్ను క్షమించేశాను మార్జ్' అంటాను అన్నాను. నువ్వేమన్నావు? 'క్షమించేశాను అనకు గ్లెన్, పెద్ద మాట. ఇంక మర్చిపోదాం అను' అన్నావు. నాకు మాటలు దిద్దావు నెవ్! ఏ తప్పూ చెయ్యనిదాన్ని నేను క్షమించబోతుంటే, నువ్వు కూర్చుని మాటలు దిద్దావు!"

నెవిల్‌కి దిగిపోవాలనిపించింది. నిజంగానే, కదులుతున్న కారు తలుపు తీసి.

"మార్జ్‌కి తెలుసు గ్లెన్" అన్నాడు. "గడియ తనే వేసిందని ఆవిడకి తెలియదా? నేను అబద్ధమాడానని తెలుసు. నీ కాపరం కోసం ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది. పోయేముందు చెప్పెయ్యాలనే పిలిపిస్తోంది. అందుకే... అందుకే ఆగాను."

"ఆగితే ఈలోపు పోతుందని."

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది, సరే అన్నట్టు.

"దిగిపొమ్మంటే దిగిపోతావు. నాకు తెలుసు. అది నీకు సుఖం. దిగనివ్వను. లోపలికి వచ్చి నువ్వే చెప్పాలి. నా నోటితో చెప్పించుకోకు."

జార్జెస్ నది వంతెన దాటేసరికి ఒంటిగంటన్నర. అక్కణ్ణించి సిడ్నీ వాళ్ళని మింగేసింది. మూడు వరసల కార్లు, అడుగడుక్కీ సిగ్నళ్ళు. గ్లెనిస్ రెండుసార్లు తప్పు వరసలో ఇరుక్కుంది. ఒకచోట కుర్రకారు అద్దం దించి, "ఏయ్ మామ్మా, ఇల్లు ఇంటి దగ్గర పెట్టి రావాల్సింది!" అని అరిచారు. ఆమె అటు చూడలేదు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నెవిల్ నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. అతను మళ్ళీ మూత పెట్టాడు.

ఎర్ల్‌వుడ్‌లో మార్జరీ ఉండే వీధి నిట్టనిలువు పల్లం. రెండు పక్కలా కార్లు, మధ్యలో ఒక్క బండి పట్టేంత సందు. కేరవాన్‌తో అందులోకి దిగితే మళ్ళీ వెనక్కి తియ్యడం ఎవరి తరమూ కాదు. అయినా గ్లెనిస్ బండిని అందులోకి దించేసింది. పక్కింటి గ్రీకు ముసలాయన అత్తిచెట్టు కింద నిలబడి నీళ్ళు పెడుతున్నాడు. కేరవాన్ తన గేటుకి అడ్డంగా ఆగడం చూసి గొట్టం పట్టుకునే వచ్చాడు.

"ఏమ్మా, ఇదేమైనా సంత అనుకున్నావా? నా కారు ఎలా బయటికి తియ్యను?"

"మార్జరీ చెల్లెల్ని" అంది గ్లెనిస్ దిగుతూ.

ముసలాయన గొట్టం కిందికి వదిలేశాడు. నీళ్ళు చెప్పుల మీద పడుతున్నా చూసుకోలేదు. "వెళ్ళమ్మా, వెళ్ళు. నేనెక్కడికీ పోను. ఎంతసేపైనా ఉండనియ్యి."

గడియారం రెండున్నర చూపిస్తోంది.

తానియా గుమ్మంలోనే ఎదురైంది. నలభై అయిదేళ్ళ మనిషి, నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పిన్నిని గట్టిగా పట్టుకుంది. నెవిల్ వైపు చూసి, "చక్రం బాగయిందా బాబాయ్?" అంది. అతను ఏదో అనేలోపే మొహం తిప్పేసుకుంది.

"పిన్నీ, లోపలికి వెళ్ళేముందు ఒక్కమాట. అమ్మ ఆ గేటు సంగతి ఎత్తుతుంది. ఎత్తితే ఆపకు, చెప్పుకోనీ. ఇన్ని రోజులూ ఆ ఒక్కటి చెప్పడానికే ఉంది."

గ్లెనిస్ నెవిల్‌ని చూసింది.

"ఏమని చెబుతుంది?" అంది గ్లెనిస్.

"ఏముంది, క్షమించమని. తన చేతులతో అమ్మమ్మని చంపానని. నేనెంత చెప్పినా వినదు పిన్నీ. మీకు తెలియదు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఏ తలుపు వేసినా మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకుంటుంది. కారెక్కి వీధి చివరిదాకా వెళ్ళాక, ఆపు తానియా, గడియ చూసొస్తాను అంటుంది. సినిమాకి తీసుకెళ్తే సగంలో లేచి వచ్చేసేది. తరవాత బయటికి రావడమే మానేసింది. డాక్టరుకి చూపించాను. ఏం లాభం? 'వేశాననే గుర్తు. కాని వేసి ఉంటే అమ్మ ఎలా వెళ్తుంది?' అంటుంది."

నెవిల్ ఇన్నాళ్ళూ మార్జరీకి నిజం తెలుసనుకున్నాడు. తెలిసీ తనని పట్టిస్తుందని భయపడ్డాడు. ఆవిడ పోయేదాకా ఆగుదామనుకున్నాడు. ఆవిడకి ఏమీ తెలియదు. అతను చెప్పిన కథని గ్లెనిస్ ఎంత నమ్మిందో, మార్జరీ అంతకంటే ఎక్కువ నమ్మింది. తన చేతిని, తన కళ్ళని, తన గుర్తుని కాదని నమ్మింది.

ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. మార్జరీ దిళ్ళకి ఆనుకుని ఉంది. ఒకప్పుడు మనిషి ఎత్తూ లావూ, గది నిండా ఉండేది. ఇప్పుడు దుప్పటి కింద పెద్దగా ఏమీ లేదు. గ్లెనిస్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి అక్క చెయ్యి పట్టుకుంది. తను సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాదు.

మార్జరీ చాలాసేపు చూసింది.

"లావయ్యావే" అంది.

"నీ వంతు కూడా నేనే తింటున్నానుగా" అంది గ్లెనిస్. అని, దుప్పట్లో మొహం పెట్టుకుంది.

"ఏడవకు. టైం లేదు. ముందు నేను చెప్పాలి." మార్జరీ ప్రతి మాటకీ ఊపిరి తీసుకుంటోంది. "నెవ్ వచ్చాడా?"

"వచ్చాను మార్జ్."

"ఇలా రా. ముందుకి. నీకే ముందు చెప్పాలి." అతను మంచం చివరికి వచ్చాడు. "ఆవేళ నువ్వు షెడ్డులో ఉన్నావు. వెళ్తున్నాను, గేటు చూసుకో అని ఒక్క కేక వేసి వెళ్ళాల్సింది. వెయ్యలేదు. దారిలో రద్దీ ఉంటుందని తొందర. నా తొందర వల్ల నువ్వూ ఎన్ని మాటలు పడ్డావో ఊళ్ళో. ఇంట్లో ఉండీ చూసుకోలేదని. ఏ రోజూ నన్ను ఒక్కమాట అనలేదు నువ్వు. మంచివాడివి నెవ్."

గ్లెనిస్ తలెత్తింది. అతన్నే చూస్తోంది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది. గ్రీకు ముసలాయన ఎవరితోనో, ఇటు పెట్టుకోమ్మా, ఇటు, అంటున్నాడు. తానియా కిటికీలోంచి చూసి, "నర్సు వచ్చేసింది" అని తలుపు తియ్యడానికి వెళ్ళింది.

"క్షమించానని అనెయ్యి" అంది మార్జరీ. నొప్పికి ఆవిడ దుప్పటిని పిడికిట్లో పట్టుకుంది. "అది విని పడుకుంటాను. సూది అయ్యాక మళ్ళీ నాకు వినపడదు."

ఒక్కమాట అనేస్తే చాలు. క్షమించాను మార్జ్, హాయిగా పడుకో. ఆవిడ నిజంగానే పడుకుంటుంది. గ్లెనిస్ తప్ప ఎవరికీ తెలియదు. నెవిల్‌కి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధాలన్నిట్లోకీ అదే అందరికీ హాయిగా ఉండే అబద్ధం.

"గడియ నువ్వు వేశావు మార్జ్" అన్నాడు.

గది గుమ్మంలో నర్సుతో వస్తున్న తానియా అక్కడే ఆగిపోయింది.

"నువ్వు వేసే వెళ్ళావు. నేను తీశాను. నేను షెడ్డులో లేను."

మార్జరీ కదల్లేదు. వినిపించిందో లేదో కూడా తెలియలేదు. నర్సు సంచీ బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళెక్కడున్నాయని మెల్లిగా అడిగింది. అప్పుడు మార్జరీ రెండు మోచేతుల మీదా బలం పెట్టి, దిళ్ళ మీంచి పైకి లేవబోయింది. నొప్పికి మొహం తెల్లబడింది. గ్లెనిస్ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. చూపు నెవిల్ మీంచి కదపకుండా కూతురితో అంది:

"తానియా, ఆ నర్సమ్మాయిని బయట కూర్చోమను. మందు ఇప్పుడొద్దు."